డి750ని మార్చాలా? ఆషాఢంలో వేసుకున్న లెక్క

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. మాలాంటి పెళ్లి ఫోటోగ్రాఫర్లకు ఏడాదిలో తీరిక దొరికే నెలల్లో అదొకటి. లెన్సులకు ఫంగస్ పట్టిందేమో చూసుకోవడం, మిగిలిపోయిన ఆల్బమ్‌లు పూర్తిచేయడం, రావలసిన బాకీలు గుర్తుచేయడం వంటి పనులన్నీ అప్పుడే పెట్టుకుంటాం. ఈ ఏడు మాత్రం ఆ నెలంతా నాకు ఒక్క ప్రశ్నతోనే గడిచింది. 2016లో కొన్న నికాన్ డి750తోనే ఈ రోజుకూ పెళ్లిళ్లు తీస్తున్నాను. దాన్ని రెండో కెమెరాగా ఉంచుకుని, పై స్థాయి మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త తరం) బాడీ కొనాలా, లేక ఇంకో రెండేళ్లు దీంతోనే నెట్టుకురావాలా అన్నదే ఆ ప్రశ్న. ఎటూ తేల్చుకోలేక నలిగిపోతున్నవాళ్లు ఇంకా ఉంటారని తెలుసు కనుక, నేను ఆలోచించిన తీరును దాపరికం లేకుండా ఇక్కడ రాస్తున్నాను.

కొత్త కెమెరా కావాలనిపించడానికి కారణాలు వెతుక్కోనక్కరలేదు. పెళ్లి మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లు ధర కంటే ముందు "ఏ కెమెరా అండీ మీది?" అని అడుగుతున్నారు. ఊళ్లో కొత్తగా తెరిచిన స్టూడియోల బోర్డుల మీద మిర్రర్‌లెస్ అన్న మాట పెద్ద అక్షరాలతో కనిపిస్తోంది. వీటికి తోడు నా డి750లో ప్రతి ఫోటోకూ తెరుచుకుని మూసుకునే షట్టరు ఇప్పటికి లక్షా ముప్పై ఎనిమిది వేల సార్లు పడింది. ఆ షట్టరును కంపెనీ పరీక్షించింది లక్షన్నర సార్లకు. లక్షన్నర దాటిన మరునాడే ఆగిపోతుందని దాని అర్థం కాదు. రెండు లక్షలు దాటి పనిచేస్తున్నవి నేనే చూశాను. అయినా మాంగల్యధారణ సమయానికి అది ఆగిపోతే ఏం చేస్తామన్న బెంగ, నిజం చెప్పాలంటే, కిందటి మాఘమాసం నుంచి నన్ను వదలలేదు.

అయితే షట్టరు మార్పించుకోవచ్చు, బోర్డు మీద రాతలను పట్టించుకోకుండా ఉండవచ్చు. ఈ రెండింటి కోసం రెండు లక్షలకు పైగా ఖర్చు పెట్టడం సబబని నాకు తోచలేదు. అసలు లెక్క మా ఇంట్లోనే ఉందని చూపించింది నా భార్య. మా స్టూడియోలో ఆల్బమ్ డిజైనింగ్ అంతా ఆమెదే. నేను తీసిన ప్రతి ఫోటోనూ పెద్దది చేసి కనురెప్పల దాకా చూసేది ఆమె ఒక్కతే. ఒక సాయంత్రం నేను కెమెరా ధరలు చూస్తూ ఉంటే, "ఏమండీ, జీలకర్ర బెల్లం పేజీకి మీరు ఎంచి ఇచ్చిన ఫోటోను నేను ఎన్ని ఆల్బమ్‌లలో మార్చవలసి వచ్చిందో మీకు తెలుసా?" అని అడిగింది. తెలియదన్నాను. "చివరి ఆరు పెళ్లిళ్లలో నాలుగింటికి మార్చాను. మీరు ఎంచినది చిన్నగా చూస్తే బాగుంటుంది, పేజీ మీదికి వచ్చేసరికి కళ్లు మెత్తగా, మసకగా ఉంటాయి" అంది. ఆ మాట నాకు గట్టిగా తగిలింది.

మరునాడు ఇద్దరం కూర్చుని ఆ ఆరు పెళ్లిళ్ల ఫోటోలనూ మొదటి నుంచి తిరగేశాం. బాగున్నవాటి జోలికి పోలేదు. ఆల్బమ్‌లో ఉండవలసింది, ఏదో ఒక లోపం వల్ల ఉండలేకపోయింది అనిపించిన ఫోటోలను మాత్రమే ఒక ఫోల్డరులో వేస్తూ పోయాం. మొత్తం 83 తేలాయి. వాటిలో సగం కంటే కొంచెం తక్కువ, షట్టరు వేగం చాలక చేతులో తలో కదిలిపోయినవి. పంతొమ్మిదింటిలో ఎవరో ఒక చుట్టం ఫోన్ పైకెత్తి అడ్డం వచ్చారు. కొన్నింటిలో ఎల్‌ఈడీ లైట్ల వల్ల ఒకే వరుసలో తీసిన మూడు ఫోటోలలో ఒకటి చీకటిగా, ఒకటి పసుపుగా వచ్చాయి. ఫోకస్ తప్పి పోయినవి 22. ఈ చివరి లెక్కలోనే ఒక విశేషం ఉంది. ఆ ఇరవై రెండింటిలో ఎక్కువ భాగం తెరసెల్ల దించిన క్షణానివే.

ఆ క్షణం కెమెరాకు ఎందుకంత కష్టమో కొంచెం వివరంగా చెప్పాలి. పెళ్లికూతురిని మేనమామలు గంపలో తెచ్చి కూర్చోబెట్టాక, ఇద్దరికీ మధ్య తెరసెల్ల పట్టుకుంటారు. దాని మీద పసుపుతో స్వస్తిక్ గుర్తు ఉంటుంది. పురోహితుడు గడియారం చూసుకుంటూ ఉంటాడు. ముహూర్తం రాగానే గట్టిమేళం మోగుతుంది, తమలపాకులో పెట్టిన జీలకర్ర బెల్లం ముద్దను ఒకరి నడినెత్తిన ఒకరు ఉంచుతారు, తెర కిందికి జారుతుంది. ఎదురుగా నిలబడిన నా ఫోటో చట్రంలో ఇద్దరి ముఖాలూ చెరో వైపున, మధ్యలో తెర ఉంటాయి. డి750లో ఉన్న 51 ఫోకస్ పాయింట్లూ చట్రం నడిమి భాగంలోనే గుమిగూడి ఉంటాయి. వాటిలోనూ అడ్డగీతలనూ నిలువుగీతలనూ కూడా గుర్తుపట్టగలిగే బలమైన పాయింట్లు పదిహేనే, అవీ సరిగ్గా మధ్యలోనే. అంటే నా కెమెరా బలమంతా తెర మీద పడుతుంది, నాకు కావలసిన కళ్లు దాని బలహీనమైన అంచు దగ్గరో, అంచు దాటి అవతలో ఉంటాయి. తెర జారగానే మధ్య పాయింట్లకు పట్టుకోవడానికి ఏమీ మిగలదు, అవి వెనకాల ఉన్న బంతిపూల అలంకరణను పట్టుకుంటాయి. పెళ్లికొడుకు ముఖం మెత్తబడి, వెనక పూలు స్ఫుటంగా పడిన ఫోటోలు ఆ ఫోల్డరులో వరుసగా ఏడు కనిపించాయి.

దీనికి పాత విరుగుడు ఒకటుంది. ఫోకస్‌ను ముందే పెళ్లికూతురి కంటి మీద పెట్టి, కెమెరా వెనక ఉన్న ఫోకస్ బటన్ వదిలేసి, చట్రాన్ని సరిచేసుకుని ఎదురుచూడడం. పన్నెండేళ్లుగా నేను చేస్తున్నది అదే. కాని తెర జారినప్పుడు ఇద్దరూ తెలియకుండానే ముందుకు వంగుతారు. 70 ఎం.ఎం. దగ్గర, ఎఫ్ 2.8తో (లెన్సు ఎంత తెరుచుకుందో చెప్పే అంకె ఇది, తగ్గేకొద్దీ ఎక్కువ తెరుచుకున్నట్టు), మూడు మీటర్ల దూరంలో స్పష్టంగా ఉండే మేర సుమారు 30 సెంటీమీటర్లు. అదే 85 ఎం.ఎం. లెన్సును ఎఫ్ 1.8కి తెరిస్తే 13 సెంటీమీటర్లే. మనిషి వంగితే అంతకంటే ఎక్కువే కదులుతాడు. ఫోకస్ పెట్టి ఉంచిన కన్ను ఆ క్షణానికి ఆ చోట ఉండదు.

అయినా వెంటనే కొత్త బాడీ వైపు పరుగెత్తకూడదని అనుకున్నాను. ఎనభై మూడింటిలో ఇరవై రెండే ఫోకస్ వల్ల పోతే, మిగిలిన అరవై ఒక్కటిలో చాలావరకు ఏ కెమెరా కొన్నా పోయేవే కదా. ముందు వాటి సంగతి చూడాలనిపించింది. జ్యేష్ఠంలో మిగిలిన మూడు పెళ్లిళ్లలో మొదటి రెండింటికి ఫ్లాష్ పద్ధతి మార్చాను. కెమెరా మీద పెట్టే ఒక్క ఫ్లాషునే నమ్ముకోకుండా, మండపం ముందు రెండు మూలల్లో స్టాండ్ల మీద రెండు ఫ్లాషులు నిలిపి, పైకప్పుకు కొట్టించాను. దాంతో ఐఎస్‌ఓ (వెలుగు చాలనప్పుడు పెంచే అంకె, పెరిగేకొద్దీ ఫోటో గరుకవుతుంది) 3200 నుంచి 1600కి దిగింది, ఎపర్చరును ఎఫ్ 4కు మూయగలిగాను. స్పష్టంగా ఉండే మేర నలభై సెంటీమీటర్లు దాటింది. తలంబ్రాల బియ్యం గీతల్లా సాగకుండా గింజ గింజగా గాలిలో నిలబడింది. ఆ ఫోటోలు చూసినప్పుడు నాకు ఎంత సంతోషం కలిగిందో మాటల్లో చెప్పలేను. ఇన్నేళ్లూ ఈ పని ఎందుకు చేయలేదా అని బాధ కూడా కలిగింది.

లైట్ల మిణుకు సంగతీ ఇలాంటిదే. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీ బల్బులు సెకనుకు వంద సార్లు వెలుగు పెరిగి తగ్గుతాయి. షట్టరును సెకనులో నూరో వంతు దగ్గర ఉంచితే ఒక పూర్తి చక్రం పడుతుంది, ఫోటోకూ ఫోటోకూ తేడా రాదు. రెండు వందో వంతుకు పోతే సగం చక్రమే పడుతుంది, అది వెలుగు సగమో చీకటి సగమో మన చేతిలో ఉండదు. ఈ మిణుకును గుర్తించి షట్టరును సరైన క్షణంలో తెరిచే సదుపాయం తర్వాత వచ్చిన కెమెరాల్లో ఉంది గాని, డి750లో ఫోటోలకు లేదు. అయినా నూరో వంతుతో, ఫ్లాషు తోడుతో, ఆ లోటు చాలావరకు తీరింది. డెకరేషన్ వాళ్లు పెట్టే రంగులు మారే లైట్లకు మాత్రం ఈ లెక్క కుదరదు, వాటి మిణుకు వేరు. ముహూర్తం వేళకు వాటిని ఆపించమని పెళ్లివారిని ముందే అడగడం తప్ప ఇంకో దారి లేదు. అడిగితే చాలామంది కాదనరు.

ఇక్కడ చిన్న మాట. మంగళస్నానం ఫోటోల్లో పసుపు పాలిపోయి కనిపిస్తుందని, అది పాత కెమెరా లోపమని చాలామంది అంటూ ఉంటారు. అది కెమెరా వయసుకు సంబంధించింది కాదు. చట్రం నిండా పసుపే ఉంటే ఆటో వైట్ బ్యాలెన్స్ (రంగులను కెమెరా తానే సరిచేసే ఏర్పాటు) దాన్ని లైటు రంగు అనుకుని తగ్గించేస్తుంది. ఎంత ఖరీదైన బాడీలోనైనా వైట్ బ్యాలెన్స్‌ను చేత్తో పెట్టుకోవలసిందే.

ఫ్లాషులతో, షట్టరుతో సరిదిద్దగలిగినవి సరిదిద్దాక కూడా ఆ రెండు పెళ్లిళ్లలోనూ తెరసెల్ల క్షణం పూర్తిగా నా చేతికి రాలేదు. ఒకదానిలో దక్కింది, రెండోదానిలో పెళ్లికూతురి కళ్లు స్ఫుటంగా ఉండి పెళ్లికొడుకువి తప్పాయి. అప్పుడు గాని నేను అద్దెకు తెచ్చి చూడాలన్న నిర్ణయానికి రాలేదు. ఆషాఢానికి ముందు మిగిలిన చివరి పెళ్లికి విజయవాడ నుంచి నికాన్ జెడ్6-3 అనే మిర్రర్‌లెస్ కెమెరాను ఒక రోజు అద్దెకు తెచ్చాను. నా దగ్గర ఉన్న 24-70 లెన్సు పెట్టుకోవడానికి ఎఫ్‌టీజెడ్-2 అడాప్టరు కూడా తెచ్చుకున్నాను.

ఆ రాత్రి చూసింది చూసినట్టు చెబుతాను. తెర పట్టుకోగానే వ్యూఫైండరులో పెళ్లికూతురి కంటి మీద చిన్న చదరం నిలిచింది. ఆమె చట్రం ఎడమ అంచుకు దగ్గరగా ఉంది. నా పాత కెమెరాకు అక్కడ పాయింటే లేదు. గట్టిమేళం మొదలైంది, తెర జారింది, ఇద్దరూ ముందుకు వంగారు, ఆ చదరం కంటితోపాటే కదిలింది. పదకొండు ఫోటోలు తీశాను. పదింటిలో పెళ్లికూతురి కనురెప్పలు లెక్కపెట్టవచ్చు. అంతా బాగుందని కూడా చెప్పలేను. పెళ్లికొడుకు మీదికి మారుదామనుకున్నప్పుడు చదరం రెండు సార్లు వెనక నిలబడిన వాళ్ల పెద్దమ్మ ముఖం మీదికి పోయింది. ఎవరి ముఖం ముఖ్యమో కెమెరాకు తెలియదు, చేత్తో దిద్దుకోవలసి వచ్చింది. ఫోన్ల అడ్డు ఎప్పటిలాగే ఉంది. బ్యాటరీ అర్ధరాత్రికే అయిపోయింది. ప్రామాణిక పరీక్షల లెక్కన డి750 ఒక్క చార్జితో 1230 ఫోటోలు తీస్తే, ఈ కొత్తది నాలుగు వందలు కూడా తీయదు. అప్పగింతలు అయ్యేదాకా నిలవాలంటే కనీసం మూడు బ్యాటరీలు జేబులో ఉండాలి.

ఇంటికి వచ్చాక రెండు కెమెరాలతో ఒకే చోట, ఒకే ఐఎస్‌ఓలో తీసిన ఫోటోలను పక్కపక్కన పెట్టి చూశాం. ఐఎస్‌ఓ 3200 దగ్గర గరుకుదనంలో తేడా మా ఇద్దరి కళ్లకూ ఆనలేదు. డి750 వచ్చింది 2014లో, జెడ్6-3 వచ్చింది 2024లో. పదేళ్ల తేడా ఉన్నా సెన్సరు రెండింటిలోనూ 24 మెగాపిక్సెళ్లదే, చీకట్లో నాణ్యత రెండింటిదీ చాలా దగ్గరగా ఉంటుంది. పైగా ఈ కొత్త సెన్సరును డేటా వేగంగా చదవగలిగేలా తయారుచేశారు కనుక, తక్కువ ఐఎస్‌ఓలో తీసిన ఫోటోల చీకటి భాగాలను కంప్యూటరులో బాగా వెలిగించినప్పుడు పాత సెన్సరే ఒక పిసరు మెరుగ్గా నిలుస్తుంది. కాబట్టి కొత్త బాడీ కొంటే ఫోటోల నాణ్యత పెరుగుతుందని ఎవరైనా చెబితే, ఈ రెండు కెమెరాల విషయంలో నేను ఒప్పుకోను. పెరిగేది చేతికి దక్కే ఫోటోల సంఖ్య, అదీ ఫోకస్ వల్ల పోతున్న చోట మాత్రమే.

ఇంకా పైకి వెళ్లి జెడ్8 కొనమని ఇద్దరు స్నేహితులు గట్టిగా చెప్పారు. అది 45.7 మెగాపిక్సెళ్ల కెమెరా, దాని గొప్పతనాన్ని నేను తక్కువ చేయను. కాని మేము వేసే పెద్ద ఆల్బమ్ 12 అంగుళాల ఎత్తు, తెరిచినప్పుడు 36 అంగుళాల వెడల్పు. నా పాత కెమెరా ఫోటో వెడల్పు 6016 పిక్సెళ్లు. ఒక్క ఫోటోను రెండు పేజీల మీదా పరిచినా అంగుళానికి 167 పిక్సెళ్లు వస్తాయి, ఒక్క పేజీకైతే 334. ఒళ్లో పెట్టుకుని చూసే ఆల్బమ్‌కు ఇంతకంటే అవసరమని పన్నెండేళ్లలో ఒక్కరూ నాతో అనలేదు. మూడు వేల ఫోటోలకు రా ఫైళ్లు (కెమెరా దిద్దకుండా దాచే అసలు ఫైళ్లు) ఇప్పుడు దాదాపు 85 జీబీ అవుతున్నాయి, అన్ని మెగాపిక్సెళ్లకు పూర్తి నాణ్యతతో దాచితే 150 జీబీకి పోతాయి. ఆ ఫైళ్లన్నీ మోయవలసింది మా ఆవిడ కంప్యూటరు, రెండు కాపీలు దాచవలసింది మా హార్డ్ డిస్కులు. అన్నిటికంటే ముఖ్యం, జెడ్8లో మెకానికల్ షట్టరు అసలు లేదు, అంతా ఎలక్ట్రానిక్ షట్టరే. దాని సెన్సరు చాలా వేగవంతమైనదే అయినా, ఎలక్ట్రానిక్ షట్టరుతో ఎల్‌ఈడీల మిణుకుకు ఫోటోలో చారలు పడవచ్చు కనుక, రకరకాల ఎల్‌ఈడీల కింద పనిచేసే నేను అవసరమైనప్పుడు మెకానికల్ షట్టరుకు మారే వీలు వదులుకోదలచుకోలేదు. జెడ్6-3లో అది ఉంది. ఖరీదు ఎక్కువైనదే మన పనికి ఎక్కువ పనికొస్తుందని అనుకోనక్కరలేదని ఇక్కడే నాకు స్పష్టమైంది.

మనసుకు కష్టం కలిగించింది మాత్రం 85 ఎం.ఎం. లెన్సు. నాకు ఈ పని నేర్పిన మాస్టారు తన స్టూడియో మూసేసినప్పుడు నా చేతిలో పెట్టిన పాత డి రకం లెన్సు అది. దానిలో మోటారు ఉండదు, కెమెరా బాడీలోని మోటారు ఒక చిన్న మరను తిప్పితే లెన్సు ఫోకస్ అవుతుంది. డి750లో ఆ మోటారు ఉంది. జెడ్ కెమెరాల్లో లేదు, ఎఫ్‌టీజెడ్-2 అడాప్టరులోనూ లేదు. అంటే కొత్త బాడీ మీద ఆ లెన్సును చేత్తో తిప్పుకుంటూ వాడాలి. అప్పగింతల వేళ తండ్రి ముఖాన్ని దూరం నుంచి, ఆయనకు ఇబ్బంది కలగకుండా తీయడానికి నేను వాడేది ఆ ఒక్క లెన్సునే. కొత్త మౌంటుకు (లెన్సు బిగించే అమరికకు) 85 మళ్లీ కొనాలంటే ఇంకో అర లక్ష దాటుతుంది.

డబ్బు లెక్క ఇలా వేశాను. బాడీ, అడాప్టరు, కొత్త రకం సీఎఫ్ ఎక్స్‌ప్రెస్ కార్డు, దాని రీడరు, రెండు అదనపు బ్యాటరీలు అన్నీ కలిపి రెండు లక్షల డెబ్బై ఐదు వేలు అనుకుందాం. కెమెరాల మీద జీఎస్టీ పద్దెనిమిది శాతం. రిజిస్ట్రేషన్ లేని మాలాంటి చిన్నవాళ్లకు అందులో ఒక్క రూపాయి తిరిగి రాదు. నాకు ఏడాదికి పాతిక పెళ్లిళ్లు వస్తాయి. ఐదేళ్లు వాడితే నూట పాతిక పెళ్లిళ్లు, ఒక్కో పెళ్లికి 2200 రూపాయలు. ఒక రోజుకు నేను కట్టిన అద్దె కూడా దాదాపు అంతే. అలాంటప్పుడు అద్దెకే తెచ్చుకోవచ్చు కదా అనిపించవచ్చు. కాని మంచి ముహూర్తం నాడు జిల్లాలో అందరికీ పెళ్లిళ్లే, అద్దె కెమెరా అవసరం అందరికీ ఒకే రోజు పడుతుంది. చివరి నిమిషంలో లేదంటే చేసేదేమీ ఉండదు. దీంతోపాటు ఇప్పుడు నా దగ్గర నమ్మదగిన రెండో బాడీ లేదన్న సంగతి కూడా తోడైంది. లక్షా ముప్పై ఎనిమిది వేల షట్టరు ఉన్న కెమెరాను ఒంటరిగా ముహూర్తానికి పంపడం కంటే, కొత్తదాని పక్కన తోడుగా పంపడమే నాకు న్యాయంగా తోచింది.

అన్నీ చూసుకుని జెడ్6-3 కొనాలనే నిర్ణయించుకున్నాను. వాయిదాల మీద కాకుండా, శ్రావణంలో వచ్చే అడ్వాన్సులు చేతికి అందాక కొంటాను. తీరా ఆ నెలలో పెళ్లిళ్లు తగ్గితే కార్తీకం దాకా ఆగుతాను. ఈలోగా రెండు ఫ్లాషులూ స్టాండ్లూ సొంతానికి కొన్నాను. వాటికి పెట్టిన ఖర్చు కొత్త బాడీ ధరలో పదో వంతుకు కూడా రాలేదు. ఎవరైనా నన్ను సలహా అడిగితే ముందు కొనమని చెప్పేది వాటినే. డి750ని అమ్మను. దాని మీద మాస్టారి 85 ఉంటుంది, అది మా తమ్ముడి మెడలో ఉంటుంది. అప్పగింతలు వాడు తీస్తాడు. తెరసెల్ల దగ్గర నేను ఉంటాను.

శ్రావణంలో మొదటి పెళ్లి ముహూర్తం రాత్రి రెండు గంటల నలభై ఎనిమిది నిమిషాలకు. రంగుల లైట్ల సంగతి పెళ్లికూతురి తండ్రితో ఇప్పటికే మాట్లాడాను, ముహూర్తానికి పది నిమిషాల ముందు ఆపిస్తానన్నారు. ఆల్బమ్ నమూనా సిద్ధం చేసుకుంటున్న మా ఆవిడ మాత్రం జీలకర్ర బెల్లం పేజీకి కొలతలు ఇంకా వేయలేదు, ఫోటోను పెద్దది చేసి చూసుకున్నాకే వేస్తానంది.